లావోస్ హోటల్‌కీ ఒక ఎంసెట్ కావాలి

వాషింగ్టన్ నగరంలోనూ చుట్టుపక్కలా లావోస్ వంటలు తినడానికి వెళ్లే జనం పెరిగారు. వాళ్లతో పాటు తినడం రానివాళ్లూ పెరిగారు. కాబట్టి ఇకపై ప్రవేశ పరీక్ష పెట్టి, ర్యాంకు తెచ్చుకున్నవాళ్లకే టేబుల్ ఇవ్వాలని నా మనవి. ఎంసెట్‌తో పెరిగిన జాతి మనది. ఉత్తర వర్జీనియా నిండా మనవాళ్లే. పేపరు తయారుచేసే బాధ్యత కూడా మనకే అప్పగించడం న్యాయం.

మొదటి ప్రశ్న చరిత్ర నుంచి. 1975లో కమ్యూనిస్టులు అధికారంలోకి వచ్చాక లావోస్ నుంచి లక్షల మంది వలసపోయారు. చాలామంది మెకాంగ్ నది దాటి థాయ్‌లాండ్ శిబిరాలకు, అక్కణ్ణుంచి అమెరికాకు చేరారు. వాళ్లలో హోటల్ పెట్టినవాళ్లు ఎందరో బోర్డు మీద 'థాయ్' అనే రాయించుకున్నారు. ఎందుకు? జవాబు తేలికే: వచ్చే జనానికి తెలిసింది ప్యాడ్ థాయ్ అనే నూడుల్స్ ఒక్కటే. తన వంటను ప్రపంచమంతా పరిచయం చేయడానికి థాయ్ ప్రభుత్వం 2002లో ఏకంగా ఒక పథకమే పెట్టింది. లావోస్‌కు ఆ స్థోమత ఎక్కడిది? శిబిరంలో వంట నేర్చుకున్న చెఫ్ సెంగ్ లువాంగ్‌రాత్ 2010లో ఉత్తర వర్జీనియాలోని ఫాల్స్ చర్చ్‌లో ఉన్న 'బ్యాంకాక్ గోల్డెన్' అనే థాయ్ హోటల్ తీసుకున్నారు. లావోస్ వంటలు మాత్రం మెనూలో లేకుండా, అడిగినవాళ్లకే వడ్డించేవారు. సొంతింటి కూరకు ఇంత చాటుమాటు వ్యవహారం! 2014లో వాషింగ్టన్‌లో 'తిప్ ఖావో' తెరిచి, ఇది లావోస్ హోటలేనని బాహాటంగా చెప్పారు. ఇంత జరిగాక కూడా కూర్చోగానే "ప్యాడ్ థాయ్ ఉందా?" అని అడిగే అభ్యర్థికి సున్నా సరిపోదు, నెగటివ్ మార్కులే.

ఎక్కువ మార్కులు ప్రాక్టికల్స్‌కి. చిన్న వెదురు బుట్టలో జిగురు అన్నం వస్తుంది. నానబెట్టిన బియ్యాన్ని నీళ్లలో ఉడికించకుండా ఆవిరి మీద వండిన అన్నం అది. మూత తీసి, కాస్త తుంచుకుని, వేళ్లతో ఉండ చేసి, 'జేవ్' అనే మిరపకాయ పచ్చడిలో అద్దుకోవాలి. వెంటనే మూత పెట్టాలి, లేకపోతే గట్టిపడిపోతుంది. ఇంట్లో గోంగూర కలుపుకుని వేళ్లు నాకే మనిషి ఇక్కడ పక్క టేబుల్ వంక ఓసారి చూసి ఫోర్కు అడుగుతాడు. ఆ అన్నం ఫోర్కుకు అతుక్కుని నోట్లోకి రానంటుంది. ఇంకో అభ్యర్థి సూప్‌ని చారు అనుకుని బుట్టలోనే పోసేస్తాడు. అల్లిన బుట్టలో చారు నిలవదని ముందు తెలిసేది అతని ప్యాంటుకే.

వైవా అంతా పాడేక్ మీదే. సముద్రం లేని దేశం కదా, నది చేపల్నే ఉప్పు, తవుడు కలిపి జాడీలో నెలల తరబడి పులియబెడతారు, అదే పాడేక్. రోట్లో దంచే పచ్చి బొప్పాయి సలాడ్‌కు ప్రాణం ఆ పాడేకే. "ఆథెంటిక్‌గా ఉండాలండీ" అని రివ్యూలన్నీ చదివి వచ్చిన పెద్దమనిషి, ప్లేటు రాగానే "స్మెల్ లేకుండా చేయగలరా?" అంటాడు. అపార్ట్‌మెంట్‌లో ఫైర్ అలారం మోగుతున్నా పొయ్యి మీద ఎండు చేపల్ని వదలని మనిషే ఈయన!

శనివారం బ్యాచ్ సంగతి వేరు. నియమం ఉన్నవాళ్లు, బొప్పాయి కాయగూరే కదా అని ఆ సలాడే తెప్పించుకుంటారు. పాడేక్ వద్దని ముందే చెప్పకపోతే వెంకన్నకు సంజాయిషీ ఇచ్చుకోవాల్సింది వాళ్లేనని హాల్ టికెట్ వెనక అచ్చు వేయించాలి.

"మాది గుంటూరండీ" అని కాలరెగరేసేవాళ్లకు ప్రత్యేక కోటా ఏమీ ఉండదు. మిరపకాయలు ఎన్ని వేయాలో వాళ్లే చెప్పుకోవచ్చు. తర్వాత పెరుగు అడిగితే మాత్రం డిబార్. లావోస్ వంటలో పాలూ పెరుగూ సంప్రదాయం కాదు. మంట తగ్గడానికి పచ్చి క్యాబేజీ, కీరా ముక్కలు ఇస్తారు, మహా అయితే బీర్‌లావ్ అనే వాళ్ల దేశపు బీరు ఒకటి.

నోటిఫికేషన్ రాకముందే ఉత్తర వర్జీనియాలోని యాష్‌బర్న్‌లో ఎవరిదో ఒక బేస్‌మెంట్‌లో కోచింగ్ మొదలవుతుంది, అనుమానం లేదు. వీకెండ్ బ్యాచ్‌లు, ఉండలు చుట్టడంలో ప్రత్యేక శిక్షణ, మెటీరియల్ వాట్సాప్‌లో. అయినా ర్యాంకు రానివాళ్లు టెన్షన్ పడక్కర్లేదు. దగ్గర్లోనే ఏదో ఒక థాయ్ హోటల్ ఉంటుంది, ప్యాడ్ థాయ్ అడగ్గానే నవ్వుతూ ఇస్తారు. లోపల వండేది లావోస్ వాళ్లే కావచ్చు. వాళ్లు ఏ పరీక్షా పెట్టరు.