బొమ్మా లేదు, బొరుసూ లేదు

పెరట్లో కొబ్బరి మొక్కకి గొయ్యి తీస్తుంటే ఇత్తడి బిళ్ళ ఒకటి బయటపడింది. పాత రూపాయంత ఉంది, అంచు దగ్గర చిన్న బెజ్జం. అక్షరం లేదు, అంకె లేదు, బొమ్మా లేదు, బొరుసూ లేదు. అది ఏమీ చెప్పదు కాబట్టి దాని తరఫున మాట్లాడే బాధ్యత మా ఇంటిల్లిపాదీ తీసుకున్నాం.

పరిశోధనలో మొదటి మెట్టుగా నాయనమ్మ దాన్ని చింతపండు పెట్టి తళతళా తోమేసింది. నాణేలు సేకరించేవాళ్ళు పాత లోహాన్ని తోమొద్దంటారు, అరిగిన అంకెల జాడ ఏమైనా మిగిలుంటే అదీ పోతుందని. ఆ జాడ కాస్తా తూములోంచి వెళ్ళిపోయాక, మేం భూతద్దం తెచ్చుకుని కూర్చున్నాం.

పెదనాన్న బ్యాంకులో చేసి రిటైరయ్యారు. "బ్యాంకు టోకెనే. మా రోజుల్లో చెక్కు తీసుకుని ఇదిచ్చేవాళ్ళం, క్యాషియర్ నంబరు పిలిచేవాడు" అన్నారు. మరి దీని మీద నంబరేదండీ అంటే, "లేదు కాబట్టే మీ తాతని పిలవలేదు" అని తేల్చేశారు.

బెజ్జం చూసి నేను బిళ్ళబంట్రోతు మాటెత్తాను. పూర్వం కచేరీల్లో బంట్రోతులు ఇత్తడి బిళ్ళ తగిలించుకునేవారు, ఆ పేరు అలా వచ్చిందే. అత్తయ్య భగ్గుమంది: "మన వంశంలో బంట్రోతులా? కావాలంటే బంట్రోతుని పెట్టుకున్నవాళ్ళం అను!" బిళ్ళకి ఆధారం లేకపోయినా వంశానికి పరువుంది. ఆ సిద్ధాంతాన్ని ఏకగ్రీవంగా కొట్టేశాం.

బాబాయికి ఇవేవీ ఆనలేదు. రాముడి బొమ్మతో 1818 నాటి ఈస్టిండియా కంపెనీ అర్ధణా కోట్లు పలుకుతోందని ఆయన ఫోన్లో వీడియో ఉంది. అలాంటివి కంపెనీ ముద్రించినవి కావు, తీర్థాల్లో అమ్ముకునే బిళ్ళల బాపతు. దేశమంతటికీ ఒకే రకం కంపెనీ నాణేలు మొదలైందే 1835లో. అయినా మన బిళ్ళ మీద రాముడేడి బాబాయ్ అంటే, "అరిగిపోయాడ్రా" అన్నాడు.

ఆఖరిది రైస్ పుల్లింగ్ పరీక్ష. బియ్యాన్ని లాగితే అందులో ఇరిడియం అనే ఖరీదైన లోహం ఉన్నట్టేనట. ఈ మాట నమ్మి ఆస్తులు పోగొట్టుకున్నవాళ్ళు రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ ఉన్నారు. బాబాయి పళ్ళెంలో సోనామసూరి పోసి బిళ్ళ ఆనించాడు. రెండు గింజలు అంటుకున్నాయి! ఇల్లంతా నిశ్శబ్దం. "చింతపండు జిగురురా, ఇంకా కడగలేదు" అంది నాయనమ్మ. ఆవిడ మాట వినే స్థితి అప్పటికే దాటిపోయాం.

ఇంత జరిగాక చట్టాన్ని గౌరవించాలి కదా. 1878 నాటి నిధుల చట్టం ప్రకారం భూమిలో దొరికిన నిధి విలువ పది రూపాయలు దాటితే కలెక్టరుకి తెలియజేయాలి. వంటింటి త్రాసులో తూస్తే 14 గ్రాములు వచ్చింది. వీధిలో వెళ్తున్న పాత సామాన్లవాణ్ణి పిలిచి చూపించాం. అటూ ఇటూ తిప్పి ఆరు రూపాయలన్నాడు.

కలెక్టరుగారికి శ్రమ తప్పింది. బాబాయి మాత్రం రెండు గింజలనీ విడిగా కాగితంలో పొట్లం కట్టించాడు.