నెల్లూరు నేలకు ఏడాదికో పటం చాలదు

నాట్లు పడే రోజుల్లో ఇందుకూరుపేట, తోటపల్లిగూడూరు, ముత్తుకూరు మండలాల ఉపగ్రహ చిత్రం చూస్తే ఎటు చూసినా నీళ్లే. దమ్ము చేసిన మడి, రొయ్యల గుంట, నిండిన చెరువు మూడూ పరారుణ బ్యాండ్‌లో (కంటికి కనబడని కాంతిలో తీసిన చిత్రంలో) నల్లగానే పడతాయి. ఒక్క తేదీ చిత్రంతో గీసిన భూ వినియోగ పటం ఇక్కడ తప్పకుండా పొరబడుతుంది. గుంట వరిగా నమోదైతే, ఉప్పునీటి ఊటతో పక్క పొలం దెబ్బతిన్న రైతు చేతిలో ఆధారమే ఉండదు.

వీటిని వేరు చేసేది కాలం. వరి మడి నెల తిరిగేసరికి పచ్చబడుతుంది. గుంటలో మూడు నాలుగు నెలలు నీళ్లు నిలుస్తాయి, రొయ్య పట్టాక ఎండగట్టి మళ్లీ నింపుతారు. ఐరోపా వాళ్ల సెంటినెల్-2 జంట ఉపగ్రహాలు 10 మీటర్ల స్పష్టతతో ఐదు రోజులకోసారి ఇదే చోటు మీదుగా వెళ్తాయి. అక్టోబరు, నవంబరు మబ్బుల్లో అవి చూడలేనిది మబ్బును దాటి చూసే సెంటినెల్-1 రాడార్ చూస్తుంది: పైరు ఎదిగేకొద్దీ తిరిగొచ్చే సంకేతం బలపడుతుంది, నిలకడ నీరు నల్లగానే ఉంటుంది. నీటికి గాలి అందించే ఏరేటర్లు తిప్పే గుంటలో ఆ నలుపు కొంత చెదురుతుంది, కాబట్టి రాడార్ ఒక్కదాన్నే నమ్మకూడదు.

ఖరీఫ్ లెక్కతో తీసిన చిత్రాలూ మనకు సరిపోవు. ఇక్కడ పెద్ద పంట రబీ, వేసవిలో మొదలయ్యేది ఎడగారు.

చెరువుల సంగతి ఇంకా బాధాకరం. వేసవిలో ఎండిన చెరువు గర్భంలో సర్కారు తుమ్మ అల్లుకుంటే, చిత్రాన్ని చూసి నేలను వర్గీకరించే కంప్యూటర్ యంత్రం దాన్ని పొదల భూమి అంటుంది, ఎవరైనా దున్నితే సాగు భూమి అంటుంది. ఆక్రమించినవాళ్లకు అంతకన్నా ఏం కావాలి? చెరువు హద్దును రెవెన్యూ రికార్డు నుంచే తీసుకోవాలి, ఆ రోజు కనిపించిన నీటిని బట్టి కాదు.

ఇస్రో పటాల వెబ్‌సైటు భువన్‌లో ఎన్‌ఆర్‌ఎస్‌సీ (జాతీయ రిమోట్ సెన్సింగ్ కేంద్రం) ఉంచిన 1:50,000 పటాలు జిల్లా ప్రణాళికకు మంచివే. ఆ స్కేలులో ఎకరం విస్తీర్ణమున్న రొయ్యల గుంట ఒక్కో వైపు మిల్లీమీటరున్నర కూడా రాదు. ఊరి తగాదా దాంతో తేలదు. మన దగ్గర సర్వే నంబరు వారీగా ఈ-క్రాప్ నమోదు (ఏ పొలంలో ఏ పంట ఉందో రాసే ప్రభుత్వ లెక్క) ఉంది. దాన్ని పొలంలో సరిచూసి, కొంత భాగంతో యంత్రానికి నేర్పి, మిగతాదాంతో పరీక్షించాలి. మొత్తం మీద ఎంత శాతం సరి అని చెప్పి వదిలేయకుండా, గుంటల్లో ఎన్ని వరిగా పడ్డాయో, చెరువుల్లో ఎన్ని బీడుగా పడ్డాయో పటంతోపాటే ప్రకటించాలి.