స్టిక్కర్ అతికించి గ్రాఫిటీ అంటారేటండీ!

ఇప్పుడే చూసొచ్చాను, ఒళ్లు మండిపోతోంది. విజయనగరంలో తెరిచి నెల కూడా కాని ఓ కేఫ్. లోపల గోడ మొత్తం గ్రాఫిటీ (గోడ మీద స్ప్రే రంగుతో రాసే రాతలు) అని ఒకటే ప్రచారం. దగ్గరికెళ్తే వినైల్ అనే ప్లాస్టిక్ స్టిక్కర్! నెట్‌లోంచి దించిన ఇంగ్లిష్ అక్షరాలు. కింద మూలన అప్పుడే అరచేతి వెడల్పున ఉబ్బింది. గోరు తగిలితే పుట్టీతో సహా పొడి రాలింది.

రాలదా మరి? కొత్త ప్లాస్టరింగుకి కనీసం 28 రోజులు వదలాలి. లోపల తడి ఉండగానే పుట్టీ పూసి, పైన ప్లాస్టిక్ షీటు బిగించేస్తే ఆ తడి ఎటు పోతుంది? గోడలోని ఉప్పుని మోసుకుంటూ బయటికే వస్తుంది, తెల్లగా పొంగి పొరని తోసేస్తుంది. అడుగు చదరం పాలిథిన్ ముక్కని నాలుగు వైపులా టేపు వేసి ఒక రోజు ఉంచితే తెలిసిపోను. లోపల నీటి చుక్కలు కడితే గోడ ఇంకా ఆరలేదని. పైసా ఖర్చు లేదు. అదీ చెయ్యరు!

స్ప్రేతో వేయించేవాళ్లు ఇంకో రకం. నున్నగా మెరిసే ఎనామిల్ గోడ మీదే కొట్టించేస్తారు, రంగు కారిపోయాక ఆర్టిస్టుని తిడతారు. 220 నంబరు ఎమెరీ కాగితంతో మెరుపు పోయేదాకా రుద్దాలి, తడిగుడ్డతో దుమ్ము తుడవాలి, ప్రైమర్ వేసి, పైన మ్యాట్ (మెరుపు లేని) ఎమల్షన్ రెండు కోట్లు వేయాలి. ఆ తరవాతే స్ప్రే డబ్బా. లోపలి గోళీ చప్పుడు మొదలయ్యాక రెండు నిమిషాలు ఊపాలి. నింపడానికి జానెడు దూరం, గీతకి ఇంకా దగ్గర. ఒక్కసారే దట్టంగా కొడితే ధార కడుతుంది, పల్చగా రెండు మూడుసార్లు వెళ్లాలి. 400 మిల్లీలీటర్ల డబ్బా నిండుగా పూస్తే పాతిక చదరపు అడుగులు రావడం కష్టం. నాలుగు డబ్బాలిచ్చి గోడంతా నింపమంటే ఎలా నింపుతారండీ?

ఇంకో ఘోరం. తలుపులేసిన ఏసీ గదిలో, మొహానికి కర్చీఫ్ కట్టించి పని చేయిస్తారు. ఆ డబ్బాలోది మండే గ్యాసు. పక్కన వంటింట్లో స్టవ్ వెలుగుతుంటుంది! ఎన్95 దుమ్మునే ఆపుతుంది, థిన్నర్ ఆవిరిని ఆపదు. కార్బన్ కాట్రిడ్జి ఉన్న మాస్కు కావాలి, కిటికీలు తీసి ఉండాలి. ఆ కుర్రాళ్ల ఊపిరితిత్తులకి విలువ లేదా?

అసలు గ్రాఫిటీ అంటేనే తన పేరు తను రాసుకోవడం. 1970ల న్యూయార్కులో రైలు పెట్టెల మీద కుర్రాళ్లు రాసింది అదే. టాకీ 183 అనే సంతకంలో 183 అతని వీధి నంబరు. మరి మన గోడ మీద మన ఊరి అంబటిసత్రం, గంటస్తంభం అని ఉండాలా, ఎవరిదో న్యూయార్కు వాళ్ల బ్రూక్లిన్ ఉండాలా?

తెలుగు అక్షరం పుట్టుకతోనే గుండ్రం. గ్రాఫిటీలో రాసే ఉబ్బు అక్షరాలకి ఇంతకంటే ఏం కావాలి? కాకపోతే పని తెలియాలి. అక్షరం రెండు అడుగులైతే వత్తుకి కింద ఇంకో అడుగు, గుడికి పైన అరడుగు వదలాలి. నీడ కుడి కిందకి వేస్తే వత్తుని మింగేస్తుంది, ఎడమకే వేయాలి. అవుట్‌లైను మందమైతే ప నోరు మూసుకుపోయి వ అవుతుంది. సంగీత కళాశాల ఉన్న ఊళ్లో గోడ మీద పాట కాస్తా వాట!

ఈ కొలతలన్నీ మన గోడరాతల మేస్త్రీల చేతుల్లో ఉండేవి. సున్నం గోడ మీద, నిచ్చెనెక్కి, స్కేలు లేకుండా ఒక్క ఊపులో శ్రీ చుట్టేవారు. ఫ్లెక్సీ వచ్చి వాళ్ల కూడు లాగేసుకుంది. ఇప్పటికీ ఊళ్లో ఏ పుట్టినరోజుకైనా ఫ్లెక్సీయే, ఏ గృహప్రవేశానికైనా ఫ్లెక్సీయే. ఒక్కరైనా ఆ మేస్త్రీని పిలిచారా? సీతంపేట కొండల్లో సవర గిరిజనులు ఎర్రమట్టి గోడ మీద బియ్యప్పిండితో బొమ్మలు వేస్తే, గోడకి రంగు ఎలా పట్టాలో, బొమ్మ ఎక్కడ ఆగాలో వాళ్లకి తెలుసు. మనకి పక్కనే ఉన్నదది. మన కేఫుల్లో దానికి చోటు లేదు.

ఆ స్టిక్కర్ ఈ వానలకే ఊడుతుంది. ఊడాక ఉప్పు పట్టిన పుట్టీ అంతా గీకించి, గోడని ఆరనిచ్చి, ఊళ్లో ఇంకా బ్రష్షు వదలని మేస్త్రీని, డబ్బా పట్టే కుర్రాణ్ని కలిపి పిలవండి. మీ వీధి పేరు ఇచ్చి రాయమనండి.