ఐసీటీ రికార్డు గారికి ఒక పూర్వ శిష్యుడి విన్నపం

మహారాజశ్రీ ఐసీటీ రికార్డు గారి దివ్యసముఖమునకు,

బీఈడీలో సమాచార సాంకేతికత (ఐసీటీ) ప్రాక్టికల్స్‌ను చేత్తో రాసే పుస్తకమైన మీ శుశ్రూష చేసి, ప్రస్తుతం తెలంగాణలోని ఒక ఉన్నత పాఠశాలలో ఉద్యోగం వెలగబెడుతున్న వాడు నమస్కరించి రాయునది.

ఉపాధ్యాయ విద్యను నియంత్రించే జాతీయ మండలి ఎన్‌సీటీఈ 2014 నిబంధనలతో బీఈడీ రెండేళ్లయింది; సమాచార సాంకేతికతపై విమర్శనాత్మక అవగాహన కలిగించే కోర్సొకటి అందులో చేరింది. మాకా అవగాహన కలిగిందనడానికి సాక్ష్యంగా తమరు అవతరించారు. మా కళాశాలలో కంప్యూటర్ గదికి తాళం ఉండేది, తాళంచెవి గల గుమాస్తా గారు సెలవులో ఉండేవారు. అయినా చదువు ఆగలేదు. గీతలున్న పేజీలో ‘మౌస్‌ను కదిలించు విధానము’ రాసి, ఎదుటి తెల్ల పేజీలో పెన్సిల్‌తో మౌస్ బొమ్మ గీశాను. తోక పొడుగైందని లెక్చరర్ గారు రబ్బరుతో చెరిపించి మళ్లీ వేయించారు.

మిమ్మల్ని నేను సీనియర్ రికార్డు చూసి రాశాను, ఆయన తన సీనియర్‌ది చూసి రాశారు. ఆ పరంపరలో ఎవరి కలం జారిందో గానీ, ‘ఎంటర్ కీ నొక్కినచో కొత్త పేరా వచ్చును’ అన్నది నా దగ్గరికి చేరేసరికి ‘కొత్త పేరు వచ్చును’ అయింది. నేను అలాగే దించాను. బయటి నుంచి వచ్చిన పరీక్షకులు ఎక్స్‌టర్నల్ గారు దాని కిందే ఎర్రసిరాతో సంతకం చేశారు.

కరోనా వేళ 2020 సెప్టెంబరు 1న టీవీ పాఠాలు మొదలై, పిల్లలతో వాట్సాప్ గ్రూపు పెట్టాల్సి వచ్చినప్పుడు మిమ్మల్నే అటక మీంచి దింపాను. ఫ్లాపీ డిస్కు బొమ్మ చక్కగా ఉంది. చివరికి ఏడో తరగతి అమ్మాయి ఫోన్‌లో, “పైన మూడు చుక్కలుంటయి చూడుండ్రి సార్, అవి ఒత్తుండ్రి” అని గట్టెక్కించింది.

తర్వాత ‘నిష్ఠ’ అనే ఉపాధ్యాయ శిక్షణ ‘దీక్ష’ అనే ఆన్‌లైన్ వేదిక మీదికి వచ్చింది. పేర్లు విని ఉపవాసం ఉండాలేమో అనుకున్నాను. కావలసింది 18 మాడ్యూళ్లు ముందుకు జరపగల ఓపిక మాత్రమే. మా స్టాఫ్‌రూంలో ఒక పెద్దాయన వీడియోను దాని మానాన వదిలేసి జవాబు పత్రాలు దిద్దుకునేవారు, ధ్రువపత్రం రాగానే మాత్రం రంగుల్లో ప్రింటు తీయించి లామినేషన్ చేయించేవారు. జాతీయ విద్యావిధానం ఆశించే ఏటా 50 గంటల వృత్తి వికాసం కూడా మీ వంశంలోనే కలిసిపోతుందని నా అనుమానం.

మొన్న మా బడికి ఇంటర్న్‌షిప్‌కు వచ్చిన ఛాత్రోపాధ్యాయురాలు మిమ్మల్ని అడిగి తీసుకున్నారు. నిలుచున్న చోటే ప్రతి పేజీనీ ఫోన్‌తో స్కాన్ చేసి, పీడీఎఫ్‌గా మార్చి, తన బ్యాచ్ గ్రూపులో పెట్టేశారు. ఆ చేతి చురుకు చూసి నాకు ముచ్చటేసింది. ఆ తర్వాత మూడు రాత్రులు కూర్చుని, ఆ పీడీఎఫ్ చూస్తూ, మౌస్ తోకతో సహా చేత్తో ఎక్కించారట.

నిన్న ఆ కొత్త ప్రతిని చూపించారు. అట్ట మీద నా పేరు ఉండవలసిన చోట ఆవిడ పేరు ఉంది. ఎంటర్ కీ మాత్రం ఎవరూ నొక్కలేదు.

ఇట్లు,
తమ విధేయుడు