స్టాకులో గుమ్మడికాయ

బెంగళూరు పీణ్యాలో మా ప్లాంటుకి ఎం8 (8 మిల్లీమీటర్ల) బోల్టుల స్టాకు చూసుకునేది సప్లయరే. బిన్ కింద కాటా, కాటాలో సిమ్, బరువు నేరుగా వాళ్ల స్క్రీన్ మీదికి. బిన్‌లో ఉన్నంతసేపు బోల్టు వాళ్లది. బయటికి తీస్తే మనది, బిల్లు దానంతటదే పడుతుంది.

ఆర్డరు లెక్క మాత్రం మేమే వేసిచ్చాం, కాలరెగరేసి మరీ. రోజుకి సగటున 400 బోల్టులు, స్టాండర్డ్ డీవియేషన్, అంటే ఆ సగటుకి అటూ ఇటూ ఊగే ఊగు, 60. సరుకు రావడానికి 4 రోజులు. ఆ 4 రోజుల వాడకం 1600. 60ని 4 వర్గమూలంతో హెచ్చిస్తే 120, దాన్ని 95 శాతం ధీమాకి వాడే 1.65తో హెచ్చిస్తే 198. అదే సేఫ్టీ స్టాకు, వాడకం పెరిగితే ఆదుకునే అదనం. రెండూ కలిపితే దాదాపు 1800. స్టాకు 1800కి దిగగానే లారీ బయల్దేరాలి, బిన్ ఖాళీ అయ్యేలోపు వచ్చేస్తుందని 95 శాతం ధీమా. లారీయే ఒక రోజు అటూ ఇటూ అయ్యేలా ఉంటే 198 చాలదు, 690 దాకా కావాలి. "మా లారీ లేటా!" అని సప్లయర్ నొచ్చుకుంటే ఆ ముక్క కొట్టేశాం. ట్రాఫిక్‌కి పేరుమోసిన తుమకూరు రోడ్డు పక్కన కూర్చుని చేసిన పని ఇది.

ఇంతలో ఆయుధపూజ. లేతు మిషన్‌కి పసుపు, ఫోర్క్‌లిఫ్టుకి అరటి పిలకలు. బూడిద గుమ్మడికాయ ఎక్కడ పెట్టాలో తోచక ఎవరో బిన్ మీద పెట్టారు. నిండుగా, బొట్టుతో, 4 కిలోల 200 గ్రాములు. బోల్టు ఒక్కింటికి 14 గ్రాములు కదా, కాటా తన లెక్క తాను చేసుకుంది: 300 బోల్టులు వాపసొచ్చాయి! పూజ అయింది, మరమరాలూ అయిపోయాయి, కాయ మాత్రం కదల్లేదు. దిష్టికాయని ముట్టుకునేదెవరు? హిందూపురం నుంచొచ్చిన స్టోర్స్ అన్న రోజూ దానికి దణ్ణం పెట్టుకునే బోల్టులు తీశాడు. స్క్రీన్ 1800 అన్ననాడు బిన్‌లో ఉన్నవి 1500. సేఫ్టీ స్టాకు 198, కాయ 300. సేఫ్టీని మింగేసి ఇంకో వంద అప్పు పెట్టింది. 95 శాతం ధీమా ఆ పూటతో 20 శాతం.

నాలుగోరోజు భోజనాలయ్యాక లైను ఆగింది.

సప్లయర్ ప్లానర్‌కి ఫోన్ చేస్తే, "ఇంకా 300 ఉన్నాయన్నా, గ్రీనే చూపిస్తోంది" అన్నాడు. బిన్ ఖాళీ అంటే, "సెన్సర్ అబద్ధం చెప్పదన్నా" అన్నాడు. ఫోటో పంపాం. కాసేపు నిశ్శబ్దం. "అది మా ఐటెం కాదన్నా." గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు ఇక్కడ అందరూ ఒకరి మొహాలొకరు చూసుకున్నారు.

ఆఖరికి స్టోర్స్ అన్న చెప్పులు విప్పి, కాయ ఎత్తి పక్కన పెట్టాడు.

మరుక్షణం మెయిల్: 300 బోల్టులు వాడారు, బిల్లు జతచేశాం, జీఎస్టీ 18 శాతం అదనం.