ప్రైమరీ యాంటీబాడీ గారికి బ్లాట్ బాధితుల బహిరంగ లేఖ

మహారాజశ్రీ రాబిట్ పాలీక్లోనల్ గారికి,

కుందేలు నెత్తురులోంచి తీసిన యాంటీబాడీలు తమరు. ప్రోటీన్లని సైజువారీగా పరిచిన మెంబ్రేన్ మీద (దాన్నే బ్లాట్ అంటాం) మాకు కావాల్సిన ఒక్క ప్రోటీన్‌నే పట్టుకుని నల్ల గీతగా, అంటే బ్యాండ్‌గా, చూపించడం తమ ఉద్యోగం. ఆరు వారాలు ఎదురుచూపులు చూపించి ఐస్‌ప్యాక్ మీద పవళించి వేంచేశారు. తమ 100 మైక్రోలీటర్లనీ పదేసి చొప్పున పంచి మైనస్ 20లో పడుకోబెట్టాం. డేటాషీట్ చెప్పినట్టే 1:1000 పలచన చేసి, 5 శాతం బీఎస్ఏలో (ఆవు రక్తపు ప్రోటీన్), 4 డిగ్రీల దగ్గర రాత్రంతా మెంబ్రేన్‌తో ఊయలూగారు. పొద్దున్నే టీబీఎస్టీతో (సబ్బులాంటిది కలిపిన ఉప్పునీరు) పదేసి నిమిషాల స్నానాలు మూడు. తీరా నిన్న ఇమేజర్‌లో పెడితే, 60 కిలోడాల్టన్ల (ప్రోటీన్ల బరువు కొలత) దగ్గర ఒక్క బ్యాండ్ రావాల్సింది పోయి, పిలవని పేరంటానికి వచ్చినట్టు ఐదు! పోనీ అందులో అసలుదీ ఉందిలే అనుకుంటే, 60 దగ్గరిది నాకౌట్ లేన్‌లోనూ అంతే నల్లగా ఉంది. ఆ కణాల్లో జీన్‌నే పీకేశాం మహాప్రభో, లేని ప్రోటీన్ మీకెక్కడ దొరికింది?

బీఎస్ఏ బదులు పాలపొడి వాడి రెండోసారి చేశాం. అదే ఐదు. తమని పట్టుకుని బ్యాండ్‌ని కనిపించేలా చేసే రెండో యాంటీబాడీ, ఆ సెకండరీ ఒక్కటే వేసి చూస్తే మెంబ్రేన్ తెల్లగా, శుభ్రంగా ఉంది. అంటే దొంగ తమరే.

పాత వయల్ ఇలా ఏడిపించలేదు. లేబుల్ మూల చీమతలకాయంత అక్షరాల్లో ఉంది సంగతి: లాట్ నంబర్ మారింది. పాత లాట్ ఇచ్చిన కుందేలు కాలం చేసింది. కొత్త కుందేలు నెత్తురు, కొత్త కలగూరగంప. కేటలాగ్ నంబర్ మాత్రం అదే. ధర అదే కాదు లెండి.

తమ వంశచరిత్ర తెలియనిదేం కాదు. టొరంటోలో డయామండిస్ బృందం పాంక్రియాస్ క్యాన్సర్‌కి గుర్తు దొరికిందని సీయూజెడ్‌డీ1 అనే ప్రోటీన్‌ని కొలిచే కిట్ కొంటే, అందులోని యాంటీబాడీ పట్టుకున్నది సీఏ-125 అనే వేరే ప్రోటీన్‌ని. అండాశయ క్యాన్సర్‌లో ఎప్పటినుంచో కొలుస్తున్నదే! రెండేళ్లు, 5 లక్షల డాలర్లు గంగపాలు. 2023లో 65 ప్రోటీన్ల కోసం అమ్ముతున్న 614 యాంటీబాడీలని నాకౌట్ కణాల మీద పరీక్షిస్తే, గురి తప్పినవాటితో సగటున ప్రోటీన్‌కి డజను పేపర్లు అచ్చయినట్టు తేలింది. ఆ పేపర్లు నమ్మి ఇంకెవడో ఎలుకలకి మందు ఎక్కిస్తాడు. నమ్మి నానబోస్తే పుచ్చి బుర్రలయ్యాయంటే ఇదే. సిగ్గుందా నీకు? దాదాపు ప్రతి కణంలోనూ ఉండే ప్రోటీన్ బీటా యాక్టిన్‌ని చూడు, ఎవరికీ అక్కర్లేకపోయినా 42 దగ్గర ప్రతిసారీ నిటారుగా నిలబడుతుంది!

నీవి ఇంకా ఎనిమిది ట్యూబులున్నాయి. ఖరీదు గుర్తొచ్చి పారేయడానికి చేతులు రావడం లేదు. డబ్బా మీద నల్ల మార్కర్‌తో "వాడొద్దు" అని రాశాం. కుందేలుతో పనిలేకుండా జీన్ నుంచి ల్యాబ్‌లో తయారయ్యే రికాంబినెంట్ యాంటీబాడీకి ఇండెంట్ పెట్టాం.

ఆరు వారాలు పడుతుందట.

ఇట్లు,
బ్లాట్ బాధితులు