బార్డ్ కోట గారికి, దారిన పోయే దానయ్య రాయునది

మహారాజశ్రీ బార్డ్ కోట గారి దివ్య సముఖానికి,

దారిన పోయే దానయ్య నమస్కరించి రాయునది. ఉభయకుశలోపరి. తమరు కులాసాగా ఉన్నారని వేరే రాయనక్కర్లేదు. టురిన్ నుంచి ఇటలీ వాయవ్య మూలనున్న అవోస్తా లోయలోకి వెళ్లే ఎవరికైనా, కొండలు రెండూ దగ్గరికొచ్చి దారి ఇరుకైపోయే చోట, గుట్ట మొత్తాన్నీ ఆక్రమించుకుని మెట్లు మెట్లుగా కూర్చున్న తమరే ముందు కనబడతారు. పక్కన డోరా బాల్తెయా నది. కాళ్ల దగ్గర నూట చిల్లర జనంతో బార్డ్ అనే చిన్న ఊరు. ఆ ఊరు తమరికి కనబడుతోందో లేదో నాకు అనుమానమే.

విషయం తమరి ఉద్యోగం గురించి. దారికి అడ్డంగా కూర్చుని వచ్చేవాణ్ణి ఆపడం కదా తమరి పని? 1034 నాటి లాటిన్ పత్రంలోనే తమరిని జయించరాని దుర్గమని రాశారు. అంటే దాదాపు వెయ్యేళ్ల సర్వీసు. చిత్తం. కానీ సర్వీసు రిజిస్టరు తిరగేస్తే ఆగినవాళ్ల పద్దు కంటే దాటిపోయినవాళ్ల పద్దే లావుగా ఉంది.

తమరింకా పుట్టకముందే హిమానీనదం ఈ గుట్టను రుద్దుకుంటూ దాటిపోయింది. పోతూ పోతూ కరిగిన నీటి సుడుల్లో రాళ్లను గిరగిరా తిప్పి, బండల్లో పెద్ద పెద్ద గుండాలు తొలిచింది. వాటిని అక్కడివాళ్లు రాక్షసుల వంటపాత్రలంటారు. చూడ్డానికి ముచ్చటగా ఉంటాయి. వాటి కోసమే వచ్చేవాళ్లు మాత్రం తక్కువ.

ఇక 1800 మే నెల సంగతి. తమరు బోర్డుల మీద సగర్వంగా రాయించుకున్నదే, కాకపోతే నేను కింది నుంచి చూసి చెబుతాను. నెపోలియన్ సుమారు 40,000 మందితో గ్రేట్ సెయింట్ బెర్నార్డ్ కనుమ మంచులోంచి దిగాడు. (చిత్రకారుడు డేవిడ్ వేసిన ప్రసిద్ధమైన బొమ్మలో ఎగిరే గుర్రం మీద ఉంటాడు గానీ, దాటింది కంచరగాడిద మీద. సొంత డబ్బుతో బొమ్మ గీయించుకునే సామాన్యులకే గుర్రం దొరుకుతుంటే, ఆయనకు దొరకదా.) తమరి లోపల ఒక ఆస్ట్రియా కెప్టెనూ 400 మంది సైనికులూ. ఐనా రెండు వారాలు నెపోలియన్‌కు చుక్కలు చూపించారు. కాదనను. ఆయన లెక్కంతా వేగం మీదే ఉంది, ఆ వేగాన్ని ఈ ఇరుకులో నొక్కిపెట్టారు.

తర్వాత? కాలిబంట్లూ గుర్రాలూ పక్క కొండ మీది అల్బార్ కాలిబాట పట్టి తమరి నెత్తి పక్కనుంచే దాటిపోయాయి. ఫిరంగులు కాలిబాట ఎక్కలేవు కదా, వాటికి ఊరి మధ్య సందే గతి. ఆ సందేమో తమరి తుపాకులకు సరిగ్గా కిందుంది. అందుకని చీకటి పడ్డాక చక్రాలకు గడ్డి చుట్టారు. సందు పొడుగునా గడ్డీ పేడా పరిచారు. చప్పుడు కాకుండా ఒక్కో ఫిరంగినీ లాక్కుపోయారు. తమరు అనుమానమొచ్చి కాల్చకపోలేదు, ఐనా ఫిరంగులు దాటాయి. జయించరాని దుర్గానికి గడ్డి కరిపించడానికి నిజంగా గడ్డే సరిపోయింది.

జూన్ 1న తమరు సగౌరవంగా లొంగిపోయారు. మర్నాడు నెపోలియన్ మిలాన్‌లో అడుగుపెట్టాడు. 14న మరెంగో యుద్ధం గెలిచాడు. తమరిని నేలమట్టం చేయమని ఆజ్ఞ ఇచ్చాడు. నష్టపోయిందెవరని అడిగితే ఊరి నడుమ నికోల్ ప్రభువుల ఇంటి గోడను చూపిస్తాను. ఆ రోజుల గుళ్ల దెబ్బలు దాని మొహం మీద ఇంకా ఉన్నాయి. ఆ గోడ ఎవరినీ ఆపుతానని బడాయి పోలేదు పాపం.

చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమంటే ఏమిటో 1830లో తెలిసింది. ఈ ప్రాంతాన్నేలే సవోయ్ వంశపు రాజు కార్లో ఫెలీచే తమరిని మళ్లీ కట్టించడం మొదలుపెట్టాడు. ఎనిమిదేళ్ల పని, 283 గదులు. ఫెర్దినాందో, విత్తోరియో, కార్లో ఆల్బెర్తో అని కింది నుంచి పై దాకా మూడు ప్రధాన బురుజు సముదాయాలకూ రాజకుటుంబం పేర్లు. ఫ్రెంచివాళ్లు మళ్లీ రానీ, చూసుకుందామని ఏర్పాటు.

ఆ పనుల మీదికి 1831లో ఒక ఇంజినీరు లెఫ్టినెంటును తోలారు. ఇరవై ఏళ్ల కుర్రాడు. జెనోవాలో ఉండగా నోరు జారి 1830 నాటి పారిస్ విప్లవాన్ని మెచ్చుకున్నందుకు శిక్షగా పంపారు. పేరు కమిల్లో కవూర్. తమరి రాళ్ల మధ్య విసుగెత్తిపోయి అదే ఏడాది ఉద్యోగానికి రాజీనామా పారేశాడు. పోయినవాడు ఊరుకున్నాడా? అదే రాజ్యానికి ప్రధానమంత్రయ్యాడు. 1859లో ఆస్ట్రియా మీద యుద్ధానికి సాయం రమ్మని ఫ్రెంచి సైన్యాన్ని తనే పిలిచాడు. పంపిందెవరయ్యా అంటే, మన నెపోలియన్ తమ్ముడి కొడుకు మూడో నెపోలియన్! వాళ్లలో కొందరు ఆల్ప్స్ మీద వేరే కనుమలు దాటారు, కొందరు ఓడలెక్కి జెనోవా రేవులో దిగారు. తమరి వైపు కన్నెత్తి కూడా చూడలేదు. తమరు వీధి తలుపు బిగించి కర్ర పట్టుకుని కూర్చుంటే, చుట్టాలు పెరటి గుమ్మంలోంచి వచ్చి భోంచేశారన్నమాట. మరుసటి ఏడు సవోయ్, నీస్ ప్రాంతాలు కూడా మూటగట్టుకుని వెళ్లారు.

ఆ తర్వాతి ఉద్యోగాల గురించి ఎక్కువ రాయను, తమరికి నామోషీ. కొన్నాళ్లు జైలు, ఆనక మందుగుండు గోదాం. 1975లో సైన్యం చేతులు దులుపుకుంది. 1990లో ప్రాంతీయ ప్రభుత్వం చేతికొచ్చారు. 2006లో ఆల్ప్స్ మ్యూజియం పెట్టి, గుట్ట పక్కన గాజు లిఫ్టులు బిగించి తలుపులు తెరిచారు. ఎనిమిది శతాబ్దాలు దేశాధిపతుల్ని ఆపడానికి అవస్థ పడ్డ తమరికి టికెట్టు కౌంటరు దగ్గర మాత్రం జనం వాళ్లంతట వాళ్లే ఆగుతున్నారు. ఎట్టకేలకు పని కుదిరినందుకు అభినందనలు.

నా ఫిర్యాదు ఆ లిఫ్టుల దగ్గరే మొదలవుతుంది. జనం కారు దిగి సరాసరి గాజు పెట్టెలో ఎక్కుతారు. ఫోన్లు పైకెత్తుతారు. పైన ప్రాకారం మీద ఫొటోలు దిగి, మ్యూజియం చూసి, కాఫీ తాగి, అదే గాజు పెట్టెలో దిగి వెళ్లిపోతారు. టురిన్‌లో చదువుకునే మన తెలుగు పిల్లలూ ఇంతే. ఊరి సందులో కాలు పెట్టినవాడు అరుదు. నెపోలియన్ ఫిరంగులు నడిచిన సందండీ అది! పిల్లలు కలగాలని ఆడవాళ్లు జారేవారని చెప్పుకునే నున్నటి బండ కూడా ఈ ఊళ్లోనే ఉంది. చుట్టుపక్కల అంత బారునా తమరే నిలబడితే మిగతావాటికి వెలుగెక్కడిది?

డొన్నాస్ సంగతే తీసుకోండి. తమరి గుమ్మం నుంచి తీరిగ్గా నడిచినా పెద్ద దూరం కాదు. రోమన్లు సుమారు రెండు వేల ఏళ్ల కింద గాల్ దేశానికి (అంటే ఇప్పటి ఫ్రాన్స్ వైపుకు) వేసిన బాట అక్కడ రెండు వందల మీటర్లకు పైగా చెక్కుచెదరకుండా ఉంది. అది నేల మీద పరిచింది కాదు. కొండ పక్కను నిలువునా కోసి, ఆ కోసిన రాయి మీదే నడిపించారు. పక్క గోడ మీద చెయ్యి పెడితే ఉలి గాట్లు వేళ్లకు తగులుతాయి. కింద బండల్లో బండి చక్రాల గాళ్లు, వాన పడితే నీళ్లు నిలిచేంత లోతు. ఒకచోట రాయిని పూర్తిగా కొట్టేయకుండా కమానులా వదిలేశారు. బండ్లు ఆ కమాను కిందనుంచి పోవాలి. దాని పక్కన అదే కొండరాతిలోంచి చెక్కిన మైలురాయి. అవోస్తా నుంచి 36 రోమన్ మైళ్లని దాని మీదుంది. మధ్యయుగంలో ఆ కమానుకు తలుపు పెట్టి రాత్రిళ్లు మూసేసేవారు, తమరి వంశం తెలివే అది. ఆ తలుపిప్పుడు లేదు. బాట ఉంది.

ఆ బాట చూడ్డానికి టికెట్టు లేదు, లిఫ్టు లేదు. రోమ్ వెళ్లే యాత్రికులు వీపున సంచీలతో ఇప్పటికీ దాని మీదే నడుస్తారు. వాళ్లలో చాలామంది బాట ఫొటో తీయడానికి వెనక్కి తిరిగి, తీరా తమరి ఫొటో తీసుకుపోతారు.

ఇంకాస్త కిందికి పోతే పోన్-సెన్-మార్తెన్‌లో లీస్ నది మీద రోమన్ వంతెన. దాన్ని సెయింట్ మార్టిన్ కోసం సైతాను ఒక్క రాత్రిలో కట్టిందని కథ. మొదట దాటిన ప్రాణి తనకు దక్కాలని దాని షరతు. సాధువు రొట్టెముక్క విసిరి కుక్కను దాటించాడు. ఏటా కార్నివాల్‌కు ఆ వంతెన కిందే సైతాను బొమ్మ తగలేస్తారు. ఈ లోయలో దేవుడి మనిషి కూడా దాటడానికి ఉపాయం పన్నినవాడే, గమనించారా? పైన ఆర్నాద్ ఊళ్లో పంది కొవ్వును ఉప్పు, మూలికలతో నెలల తరబడి ఊరేసి పల్చగా కోసి పెడతారు. (శాకాహారులు ఆ వాక్యం దాటేయండి, దాటడం ఇక్కడి ఆచారమే.)

కాబట్టి మనవి చేసేదేమిటంటే, తమరి లిఫ్టు దిగే చోట ఒక బోర్డు పెట్టించండి. "కోట అయిపోయింది. ఊరు ఇటు, రోమన్ బాట అటు" అని రాయిస్తే చాలు. వీలైతే రాత్రిపూట తమరి మీద వేసే దీపాల్లో ఒకటి ఆ కమాను వైపు తిప్పించండి. పైసా ఖర్చు లేదు. ఇక ఆ 1034 నాటి బిరుదు మ్యూజియంలో ఉంచుకోండి, అభ్యంతరం లేదు. దాని పక్కనే ఒక గడ్డిమోపు కూడా ప్రదర్శనకు పెట్టిస్తే పిల్లలకు చరిత్ర తేలిగ్గా అర్థమవుతుంది.

ఇట్లు,
తమరి పాదాల దగ్గర సందులో నిలబడి,
దారిన పోయే దానయ్య

తా.క.: 2014లో హాలీవుడ్ వాళ్లు వచ్చి తమరిని సూపర్ హీరోల సినిమాలో విలన్ల స్థావరంగా చూపించారని ఊరంతా సంబరపడింది. చూశాను. సినిమా మొదలైన కాసేపటికే ఆ స్థావరం పడిపోయింది. ఈసారి ఆ హీరోలు చప్పుడు కాకుండా రావాలని కూడా అనుకోలేదు.